నాలుగు వైర్లకు పది బొట్లు

సెప్టెంబర్ 1, ఆదివారం. మధ్యాహ్నం 2:20

ముందే చెబుతున్నాను, తప్పులు లెక్కపెట్టకండి. నేను ఏడో తరగతి వరకే చదివానని మీకు తెలుసు. ఒత్తులు పడాల్సిన చోట పడవు. చేతిరాత కోడి గెలికినట్టుంటుంది. అయినా రాయక తప్పదు. ఇంట్లో ఒకటే ఫోను, అది అత్తమ్మ కొంగులో ఉంటుంది. మీరు షార్జా నుంచి చేసినప్పుడల్లా స్పీకర్ పెడుతుంది. స్పీకర్‌లో నేనేం మాట్లాడను? పక్కింటి అంబ్రీన్ మరిది ఫైజల్ ఈ నెలలో షార్జా వస్తున్నాడు. ఈ నోటుబుక్కు అతనికిచ్చి పంపుతాను.

పొద్దున మామ మీతో అన్నది మళ్లీ రాస్తున్నాను.

"సంపత్, మక్కజొన్నలు ఇంటికొస్తున్నయ్‌ర. కొట్టం కావాలె. ఇరవై రెండో తారీఖు దాంక చూస్త. గప్పటికి నీ బండి మోగితె ఉంచుత. మోగకుంటె పాత ఇనుము హనుమంతుకిస్త."

మీరు "సరే బాపు" అన్నారు. మూడుసార్లు అన్నారు. తర్వాత దగ్గారు. ఆ దగ్గు నాకు తెలుసు.

అది మందమర్రిలో రిటైరైన ఆఫీసరు దగ్గర మీరు తెచ్చిన ముప్పై ఏళ్ల నాటి స్పోర్ట్స్ కారు. ఎర్రటిది, నేలకు ఆనినట్టుండేది, రెండే సీట్లున్నది. "గిదేం కారురా, కన్నతల్లికి జాగ లేదు" అని అత్తమ్మ అన్నది. పెళ్లయ్యాక మీరు ఇక్కడున్నది రెండు నెలలు. ఇంటి నిండా మనుషులు. మీరు బండి కింద పడుకుని పానా తిప్పుతుంటే నేను టార్చి పట్టుకునేదాన్ని. నేను మీతో మాట్లాడిన మాటలన్నీ అక్కడే మాట్లాడాను. దాన్ని హనుమంతు తక్కెడ మీద పెట్టనివ్వను.

నా తీర్మానం:
1. రోజూ మధ్యాహ్నం 2 నుంచి 3 దాకా బండి దగ్గరే. (అత్తమ్మ, మామ నిద్రపోయే వేళ.)
2. ఎవరినీ అడగను. ముఖ్యంగా మగవాళ్లను.
3. 22 కంటే ముందే మోగిస్తాను. 20కే మోగవచ్చు.

సెప్టెంబర్ 2, సోమవారం. 2:05

కవరు తీశాను. దుమ్ముకు పదకొండు తుమ్ములు. ఇంజను పక్కన ఎలుక గూడు. అందులో మన పెళ్లి కార్డు ముక్కలు. మీ పేరున్న ముక్క బాగానే ఉంది, నా పేరు తినేసింది. వైర్లు మాత్రం కొరకలేదు. మంచి ఎలుక.

సెప్టెంబర్ 3, మంగళవారం. 3:00

బ్యాటరీ చచ్చిపోయింది. నేనే ఊడదీశాను. గంపలో పెట్టి, పైన చీర కప్పి, గోడ మీది నుంచి అంబ్రీన్‌కు అందించాను.

"ఏందక్కా, గింత బరువున్నది? బియ్యమా?"

"కాదు. జర మీ ఆయనతోని చార్జింగ్ పెట్టియ్యి. నేనిచ్చిన్నని చెప్పకు."

"మరి ఎవరిచ్చిండ్రని చెప్పాలె? గోడ ఇచ్చిందనా?"

వాళ్లాయన వాహెద్‌కు బస్టాండు దగ్గర మెకానిక్ షాపుంది కదా. అంబ్రీన్‌ను అడిగితే అడిగినట్టు కాదు. ఆమె ఆడమనిషి. రెండో తీర్మానం చెక్కుచెదరలేదు.

సెప్టెంబర్ 5, గురువారం. 2:00 నుంచి 3:40

ఈ రోజు చాలా పని చేశాను.

పాత పెట్రోలు బకెట్‌లోకి దించాను. కుళ్లిన మామిడికాయ వాసన. అంబ్రీన్ తెప్పించిన కొత్త పెట్రోలు పోశాను. ప్లగ్గులు నాలుగూ విప్పి, మీరు చేసినట్టే ఉప్పుకాగితంతో రుద్దాను. కరెంటు పంచే నల్లమూతను, దాని నుంచి ప్లగ్గులకు పోయే నాలుగు వైర్లను కూడా తీసి తుడిచి కొట్టం అరుగు మీద ఆరబెట్టాను.

ఏ వైరు ఎక్కడిదో మరిచిపోతానని ముందే తెలివి చేశాను. కుంకుమ భరిణె తెచ్చుకుని మొదటి వైరుకు ఒక బొట్టు, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు, నాలుగోదానికి నాలుగు పెట్టాను. మూతలో ఏ వైరు ఎక్కడ గుచ్చాలో అక్కడ కూడా అన్నే బొట్లు. మీరున్నా ఇంత తెలివి చేసేవారు కాదు.

రేపు బిగించడమే. బహుశా రేపే మోగుతుంది.

సెప్టెంబర్ 6, శుక్రవారం. 2:10

కొట్టంలోకి వెళ్లేసరికి అగరొత్తుల వాసన.

నాలుగు వైర్లూ తళతళలాడుతున్నాయి. ప్రతి వైరుకూ పసుపు పూసి మధ్యలో గుండ్రటి బొట్టు. ఒక్కటే బొట్టు. మూతకు చుట్టూ బొట్లు, అన్నీ ఒకే దూరంలో. స్టీరింగుకు బంతిపూల దండ.

"అత్తమ్మా, గీ బొట్లు..."

"నేనే పెట్టిన బిడ్డా. నువ్వు ఆగమాగం పెట్టినవ్. ఒకదానికి ఒకటి, ఒకదానికి నాలుగు. గట్ల పెడితె మొక్కినట్టా, ఎక్కిరిచ్చినట్టా? అన్ని మంచిగ కడిగి సమానంగ పెట్టిన."

"మంచిగున్నయ్ అత్తమ్మా."

వైర్లు నాలుగూ అక్కాచెల్లెళ్లలా ఒకేలా ఉన్నాయి. ఏది ఎక్కడిదో దేవుడికే తెలియాలి. ఇప్పుడే పూజ కూడా అయింది కాబట్టి తెలిసే ఉంటుంది.

సెప్టెంబర్ 7, శనివారం

వినాయక చవితి. ఉండ్రాళ్లు. పని లేదు. పండగ రోజు బండి ముట్టుకోవడం బాగుండదు.

సెప్టెంబర్ 8, ఆదివారం. 11:30

మీ ఫోను వచ్చింది. అత్తమ్మ, మామ అయ్యాక నా వంతు. మీరు "ఇంకేంది" అన్నారు. నేను "ఏం లేదు" అన్నాను. మళ్లీ "ఇంకేంది" అన్నారు. వైర్లు కలిసిపోయాయి, ఏది ముందో చెప్పండి అని గొంతు దాకా వచ్చింది. అత్తమ్మ స్పీకర్‌ను నా నోటి దగ్గర పెట్టింది. "అన్నం తిన్నరా" అన్నాను.

సెప్టెంబర్ 9, సోమవారం. 2:00

ఫికర్ చేయడం మానేశాను. నాలుగు వైర్లను ఎన్ని రకాలుగా గుచ్చవచ్చో రాసుకుంటూ పోతే ఇరవై నాలుగు వచ్చాయి. రోజుకు రెండు చూస్తే పన్నెండు రోజులు. 20కల్లా అయిపోతుంది. బ్యాటరీ కూడా వచ్చింది.

ఒకటో రకం: కుర్ కుర్ కుర్. రెండో రకం: అదే.

సెప్టెంబర్ 10, మంగళవారం

మూడు: ఏం లేదు. నాలుగు: కొంచెం దగ్గింది. మీ దగ్గులాగే.

సెప్టెంబర్ 11, బుధవారం. 2:30

ఐదో రకం. తాళం తిప్పగానే వెనక గొట్టంలోంచి ఢామ్మని పేలింది. కోళ్లు గోడెక్కాయి. మామ మంచం మీది నుంచి లేచాడు.

"ఎవల్రా పటాకలు కాల్చింది?"

"గణపతి కాడి పోరగాండ్లు కావచ్చు, పండుకో" అన్నది అత్తమ్మ.

నేను సీట్లో వంగి కూర్చుని కదలలేదు. నా తప్పు గణపతి మండపం మీదికి పోయినందుకు లెంపలేసుకున్నాను.

సెప్టెంబర్ 13, శుక్రవారం

కొట్టానికి తాళం వేసి తాళంచెవి నా దగ్గర పెట్టుకున్నాను, బొట్లు పెరగకుండా. పని మాత్రం చేయలేదు. తలస్నానం చేశాను, జుట్టు ఆరలేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం

ఆరు, ఏడు చూశాను. బ్యాటరీ నీరసపడింది. నేనూ నీరసపడ్డాను. ఇంకా పదిహేడు ఉన్నాయి.

సెప్టెంబర్ 16, సోమవారం

గోడ దగ్గర అంబ్రీన్‌కు అంతా చెప్పాను. సాయంత్రం జవాబు తెచ్చింది.

"ఆయన అంటుండు, చూడకుండ చెప్పరాదట. వచ్చి చూస్తడట. లేకుంటె నిన్నే దుకాణం కాడికి రమ్మన్నడు."

"వద్దొద్దు. మామతోని ఏమని చెప్పాలె? దుకాణం కాడ అందరు మొగోళ్లే."

"మొగోళ్లు కరుస్తరా అక్కా?"

కరవరు. కానీ నాకు చెమటలు పడతాయి. పెళ్లిచూపుల్లో మీ ముందు కూర్చున్నప్పుడు పట్టినట్టు.

సెప్టెంబర్ 17, మంగళవారం

నిమజ్జనం చూడటానికి వెళ్లాం. పని లేదు.

సెప్టెంబర్ 18, బుధవారం

కాళ్ల నొప్పులు. నిమజ్జనంలో నిలబడినందుకు.

సెప్టెంబర్ 19, గురువారం. 2:00

టీవీ చూశాను. అంతే.

సెప్టెంబర్ 20, శుక్రవారం. 2:15

ఈ రోజే మోగాల్సింది. బానెట్ ఎత్తలేదు. ఎడమ సీట్లో కూర్చున్నాను. మీ సీటు ఖాళీగా ఉంది. మెల్లగా పిలిచి చూశాను, పేరుతో కాదు లెండి. తర్వాత నిద్రపట్టింది. అత్తమ్మ వచ్చి లేపింది. నేను ఏడ్చానని కనిపెట్టిందేమో, టీ ఇచ్చింది.

నా వల్ల కాదు. తీర్మానం లేదు, ఏం లేదు. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

సెప్టెంబర్ 22, ఆదివారం. సాయంత్రం 5:00

వివరంగా రాస్తాను. చేతికి గ్రీజు వదల్లేదు, అక్షరాలు ఇంకా పాడవుతాయి.

పొద్దున ఎనిమిదిన్నరకే హనుమంతు ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. తలుపు మీద వేలితో కొట్టి చూశాడు, కుండ కొనేవాళ్లు కొట్టినట్టు. "రేకు పల్చగున్నది ముత్తన్న" అన్నాడు మామతో. మామ అతన్ని కూర్చోబెట్టి, చాయ్ పెట్టమని నాకు చెప్పాడు.

పొయ్యి మీద పాలు పెట్టాను. పాలు పొంగే లోపు నేను వీధిలో ఉన్నాను. ఎలా వెళ్లానో గుర్తు లేదు. చెప్పులు కూడా అత్తమ్మవి.

వాహెద్ షాపు దగ్గర ఐదుగురు మగవాళ్లున్నారు. ఒక ఆటో వెనక నిలబడ్డాను. ఆ ఆటో వెళ్లిపోయింది. ఇక దాక్కోవడానికి ఏమీ లేదు.

"ఏంది చెల్లె, ఇంట్ల ఎవలకన్న బాగలేదా?"

"బండికి" అన్నాను. తర్వాత ఆగలేదు. "వైర్లు కలిసిపోయినయన్నా. ఏడు తీర్ల చూసిన. హనుమంతు తీస్కపోతుండు. జర రా అన్నా." ఐదుగురూ విన్నారు. ఎవరూ నవ్వలేదు. ఒకాయన తన ట్రాక్టర్ బ్యాటరీ విప్పి ఇచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అత్తమ్మ నన్ను చూసింది, నా వెనక వాహెద్‌ను చూసింది, నోరు తెరిచింది.

"తర్వాత తిట్టు అత్తమ్మా" అన్నాను. నిజంగా అన్నాను.

వాహెద్ ఒకటో ప్లగ్గు తీసి, "గా గుంత మీద వేలు పెట్టు చెల్లె. గాలి తన్నంగనే చెప్పు" అన్నాడు. చేతితో ఇంజను తిప్పాడు. నా వేలి కింద గాలి తన్నింది. చెప్పాను. నల్లమూత కింద ముల్లు ఎటు చూస్తుందో చూపించాడు. "గదే ఒకటో వైరు. ఆడికెల్లి ఒకటి, మూడు, నాలుగు, రెండు." వైర్లు నా చేతికే ఇచ్చాడు. నేనే గుచ్చాను. నా లెక్కలో అది పదిహేడో రకం. ఏడో దాని దగ్గర ఆగిపోయాను కదా, టీవీ చూసిన రోజులన్నీ గుర్తొచ్చాయి.

తాళం తిప్పమన్నాడు. తిప్పాను.

మోగింది. కొట్టం రేకులు అదిరాయి. పొగకు హనుమంతు కళ్లు మూసుకున్నాడు. నేను ఎక్సలేటర్ మీది నుంచి కాలు తీయకుండా అలాగే కూర్చున్నాను, తీస్తే ఆగిపోతుందని.

"మోగింది గని, కదుల్తదా?" అన్నాడు హనుమంతు. కదల్లేదు. బ్రేకులు పట్టేశాయని వాహెద్ చెప్పాడు.

మామ లేచాడు. హనుమంతు భుజం మీద చేయి వేసి గేటు దాకా నడిపించాడు. "మోగితె ఉంచుత అన్న. కదిలితె అనలే. మక్కలు వాకిట్ల పోసుకుంట తియ్యి."

తిరిగొచ్చి నా వైపు చూడకుండా స్టీరింగుతో మాట్లాడినట్టు అడిగాడు. పెళ్లయ్యాక మామ నన్ను ఇంటి పని గురించి కాక ఇంకేదైనా అడగడం ఇదే మొదలు.

"బ్రేకులు ఎన్నడు చేస్తవమ్మా?"

"దసరకు మామా" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

సెప్టెంబర్ 23, సోమవారం. 1:50

ఫైజల్ సాయంత్రం హైదరాబాద్ బస్సెక్కుతున్నాడు. నోటుబుక్కు ఇచ్చేయాలి. అందుకే తొందరగా.

కొత్త తీర్మానం:
1. రోజూ 2 నుంచి 3 దాకా బండి దగ్గరే. పండగైనా, జుట్టు ఆరకపోయినా.
2. ఎవరినీ అడగను. వాహెద్ అన్నను రెండుసార్లు అడగవచ్చు. అవసరమైతే మూడు.
3. దసరా కంటే ముందే బ్రేకులు వదిలిస్తాను. అక్టోబర్ 8కే కావచ్చు.

ఈ రోజు జాకీ పెట్టి ఒక చక్రం విప్పుదామనుకున్నాను. మబ్బు పట్టింది, వాకిట్లో మక్కలు ఎత్తాలి. రేపటి నుంచి తప్పకుండా.

మీ గదిలో ఆరుగురు ఉంటారన్నారు. ఇందులో బండి కింది మాటలు, ఎడమ సీటు సంగతి, ఏడుపు అన్నీ రాశాను. ఎవరి కంటా పడనివ్వకండి. ఒకసారి చదవండి, కావాలంటే రెండుసార్లు చదవండి, తర్వాత కాల్చేయండి.

మీ వందన