నీ నడుమంత ఎత్తు

నన్ను కన్న అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొయ్యి పొగలో నువ్వు దగ్గిన దగ్గు మరువలేక, బడిలో పాఠాలు చెప్పే నా జీతం కూడబెట్టి వంటింట్లో నిలబడి వండే గట్టు, పొగగొట్టం కట్టించాను. పని అయ్యేదాకా వాకిట్లోనే వంట. వాన పడ్డనాడు అటుకులు నానబెట్టుకుని తిన్నాం. నువ్వు అలికిన పొయ్యిని పగలగొడుతుంటే బాపు బయటికి వెళ్ళిపోయాడు.

తిరిగి రాగానే మేస్త్రీ అడిగాడు: "గట్టు ఎంతెత్తు లేపాలె, కాకా?"

బాపు గోడకు చెయ్యి ఆనించాడు. "గింత. మా ఆమె నడుమంత."

"వండేది బిడ్డ గదనే! జర లేపుదాం."

"చెప్పినంతే కట్టు."

బాపు చెయ్యి తీయలేదు. మేస్త్రీ అక్కడే బొగ్గుతో గీత గీశాడు.

నేను నీకంటే జానెడు ఎత్తు. రోజూ వంగే వండుతున్నాను. నడుము నొస్తుందని బాపుకు చెప్పలేదు.

నీ బిడ్డ