నలభై దినాల దాహం

తుష్నాబాద్,
ఫిబ్రవరి 24.

ప్రియమైన మీకు,

మీ క్షేమం కోసం రోజూ ప్రభువును వేడుకుంటూ కృపావతి రాస్తున్నది. ఫోను చేస్తే మీరు మాట్లాడక మానరు. నాలుక మొదట్లో ఆ పుండు పెట్టుకుని మీరు మాట్లాడుతుంటే నేను వినలేను. అందుకే ఉత్తరం.

క్యాన్సరుకు కరెంటు పెట్టే ముందే పుచ్చిన దవడ పళ్లు మూడు పీకేశారని, మీరు రోజంతా ఎవరితోనూ పలకలేదని అక్కడ మీకు తోడున్న మా చెల్లి టీనా చెప్పింది. చిగురు మానాకే వైద్యం మొదలుపెడతారట కదా. అండమాన్ నుంచి అంత దూరం విశాఖపట్నం పంపింది అలగడానికి కాదండీ. వాళ్లు చెప్పినట్టు చేయండి.

మీకు చెప్పకుండా ఒక పని చేశాను. ఆదివారం సంఘంలో లేచి నిలబడి మొక్కుబడి చేశాను. ఈ శ్రమల దినాలు నలభై రోజులూ మనిద్దరం పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా నోరు కట్టుకుంటామని, ప్రభువు మిమ్మల్ని నాకు తిరిగి ఇవ్వాలని అడిగాను. మీరు జబ్బు మనిషి, వేళకు గంజి మానకండి. మిగతా సమయంలో మంచినీళ్లతో సహా నోట్లో ఏమీ పెట్టకపోతే చాలు. అందరి ముందూ మాట ఇచ్చేశాను. కోప్పడకండి.

మీ అమ్మగారికి కాళ్ల వాపు తగ్గింది కానీ ఇంకా ఒంటరిగా లేవలేరు. లేకపోతే నేనూ మీ పక్కనే ఉండేదాన్ని.

మీ రాక కోసం చూసే
కృపావతి


విశాఖపట్నం,
మార్చి 17.

కృపా,

పది సిట్టింగులు అయ్యాయి. ముఖానికి వలలాంటి తొడుగు బిగించి బల్లకు కట్టేస్తారు. ముప్పై ఏళ్లు లాంచి మీద నుంచి వలలో చేపల్ని చూశాను. వాటి సంగతి ఇప్పుడు తెలిసింది.

ఇక్కడ పళ్ల డాక్టరమ్మ స్వాతి గారని ఉన్నారు. చిన్న పిల్ల, కానీ మన పోర్టు ఆఫీసరు కంటే గట్టి మనిషి. నా పళ్లకు అచ్చు తీసి, పైకీ కిందికీ రెండు తొడుగులు చేయించారు. రోజూ పొద్దున వాటిలో ఫ్లోరైడు మందు వేసి పది నిమిషాలు పెట్టుకోవాలి. ఎన్నాళ్లమ్మా అని అడిగాను. "బతికున్నన్నాళ్లూ యేసురాజు గారూ" అన్నారు. అంటే నేను బతుకుతానని ఆవిడ నమ్మకమే కదా. ఆ రోజు గంజి కాస్త ఎక్కువ దిగింది.

ఈ కరెంటుకు ఉమ్మి ఊరదట. ఉమ్మి లేని నోట్లో పళ్లు త్వరగా పుచ్చుతాయట. అందుకని సీసా దగ్గర పెట్టుకుని అస్తమానం గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగాలి. ఉప్పు, తినే సోడా కలిపిన నీళ్లతో పుక్కిలించాలి. ఒక మాట మాత్రం నా చేత రెండుసార్లు చెప్పించారు. కరెంటు పడిన దవడలో పన్ను ఇక ఎప్పుడూ తనను అడగకుండా పీకించకూడదు. పీకితే ఎముక మానక కుళ్లిపోవచ్చట, దవడే తీసేయాల్సి రావచ్చట.

నువ్వు చేసిన మొక్కుబడి నాది కూడా. సంఘంలో నీ మాట పోనివ్వను. సీసా నిండుగానే ఉంటోంది. మందు ట్యూబు కూడా చాలా రోజులు వచ్చేలా ఉంది. ఏమీ బెంగ పెట్టుకోకు. అమ్మను జాగ్రత్తగా చూడు.

నీ
యేసురాజు


తుష్నాబాద్,
ఏప్రిల్ 2.

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం అమ్మగారికి చదివి వినిపించాను. డాక్టరమ్మ చెప్పినవన్నీ చేస్తున్నారని సంతోషించాం.

మొన్న మందుల కోసం పోర్ట్ బ్లెయిర్ వెళ్లి ఫీనిక్స్ బే రేవు మీదుగా వచ్చాను. మీ చేతి కింద లాంచిలో పనిచేసే రాముడు, మీరెప్పుడొస్తారో అడగడానికి టికెట్ల వరుస దాటుకుని పరుగెత్తుకొచ్చాడు. "భాభీ, సరంగు భయ్యా కబ్ ఆయేగా? ఆయన తిట్లు లేకపోతే లాంచి కదలనంటోంది" అన్నాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. మీరు ఖైనీ మానేశారని తెలిసి తనూ మానేశానన్నాడు. జేబు మాత్రం ఉబ్బెత్తుగానే ఉంది.

శుభ శుక్రవారం నాటి ఏడు మాటల్లో ఐదో మాట ఎప్పటిలాగే మీకే ఉంచానని పాస్టరు అయ్యగారు చెప్పారు. పద్దెనిమిదేళ్లుగా సిలువ మీద ప్రభువు దాహమన్న ఆ మాట మీద ప్రసంగం మీరే చెబుతున్నారు. ఇంకొకరి గొంతులో నాకు వినాలని లేదు. అప్పటికి వచ్చేస్తారు కదా.

మధ్యాహ్నాలు ఎండ మండుతోంది. దాహం వేసినప్పుడల్లా అక్కడ మీరూ ఇలాగే ఉన్నారని తలుచుకుంటాను. అప్పుడు మీరు నా పక్కనే ఉన్నట్టుంటుంది.

మీరు చెంప మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటున్నారని టీనా అంది. పన్ను నొప్పా? నాకు దాచకండి.

మీ
కృపావతి


విశాఖపట్నం,
ఏప్రిల్ 10.

కృపా,

మన సంఘం వాళ్లు ఒకరు రేపు విమానంలో వస్తున్నారు. వాళ్ల చేతికి ఇది ఇస్తున్నాను.

దాచకూడదన్నావు కాబట్టి రాస్తున్నాను. కింద దవడలో ఇదివరకు సిమెంటు పెట్టించుకున్న పన్ను అంచు విరిగింది. నాలుగు రోజులు పోట్లు. శుక్రవారానికి నీ ఎదుట నిలబడాలన్న తొందరలో, ఎవరికీ చెప్పకుండా బజారులో పళ్లు పీకే ఒకాయన దగ్గరకు వెళ్లాను. కుర్చీలో కూర్చున్నాక ఆయన నల్లబడిన నా మెడ చూసి కరెంటు పెట్టించుకున్నారా అని అడిగాడు. లేదని చెబుదామని నోరు తెరిచాను. ఆ అబద్ధం రాలేదు. ఆయన పట్టకారు కింద పెట్టేశాడు. "నేను ముట్టుకోను బాబూ. మీ డాక్టరు దగ్గరకే వెళ్లండి" అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

స్వాతి గారు అద్దం పెట్టి చూపించారు. చిగుళ్ల వెంట పళ్లన్నిటికీ సున్నపు గీతల్లాంటి తెల్లటి మచ్చలున్నాయి. రెండు గోధుమ రంగుకు తిరిగాయి. విరిగినదాన్ని పీకకుండా, లోపలి నరం తీసి మూస్తారట. నాలుగైదు సార్లు రావాలి. కరెంటు కూడా ఇంకా అయిదు ఉన్నాయి. శుక్రవారానికి రాలేను. ఐదో మాట ఇంకొకరికి ఇవ్వమని అయ్యగారికి చెప్పు.

తప్పంతా నాదే. ఒళ్లు బద్ధకం. నువ్వేమీ అనుకోకు.

నీ
యేసురాజు


తుష్నాబాద్,
ఏప్రిల్ 18, శుభ శుక్రవారం.

ప్రియమైన మీకు,

బద్ధకం అని రాశారు. ముప్పై ఏళ్లలో తెల్లవారుజామున నాలుగింటి లాంచికి ఒక్కరోజు ఆలస్యం కాని మనిషి బద్ధకమంటే నేను నమ్ముతానా? టీనాకు ఫోను చేశాను. మొదట ఏమీ లేదక్కా అంది. తర్వాత ఏడుస్తూ అంతా చెప్పింది.

మీరు సీసా ఒళ్లో పెట్టుకుని మూత తీయకుండా కూర్చునేవారట. తొడుగులు నోట్లో పెట్టినా మొక్కుబడి తప్పినట్టేనని పొద్దున మానేసి రాత్రికి పెట్టుకునేవారట. పుండ్ల మంటకు, నీరసానికి చాలా రాత్రులు అదీ లేదట. నీళ్లు ఎందుకు తాగలేదని డాక్టరమ్మ నిలదీస్తే, ఉపవాసం నేనే పట్టాను, మా ఆవిడకు తెలియదు అన్నారట.

మీ మార్చి ఉత్తరం మళ్లీ తీసి చదివాను. గుక్కెడు నీళ్ల మాట, మొక్కుబడి మాట, రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని నాకు తోచలేదు. మీ ప్రాణం ఇమ్మని ప్రభువును అడిగింది నేను. అందుకు మీ నోరు కట్టేసిందీ నేనే. సంఘంలో పది మంది ముందు గొప్పగా నిలబడ్డాను, మిమ్మల్ని ఒక్క మాట అడగకుండా.

అయ్యగారికి అంతా చెప్పాను. "ఆ మొక్కుబడి ప్రభువు అడిగింది కాదమ్మా. ఐదో మాట నువ్వే చెప్పు" అన్నారు. నా గొంతు మన వంటగది దాటదని మీకు తెలుసు. ఈ మధ్యాహ్నం మీరు నిలబడే చోట నిలబడ్డాను. మీలాగా ప్రసంగం నాకు రాదు. చేసిన తప్పు చెప్పాను. ప్రభువే దాహమని నోరు తెరిచి చెప్పాడు, నేను నా భర్తను చెప్పనివ్వలేదు అన్నాను. ఎదురుగా అయ్యగారి గ్లాసు ఉంటే, పొద్దు గూకకుండానే, అందరి ముందూ ఆ నీళ్లు తాగేశాను. వెనక వరుసలో ఫేబే అత్త నెమ్మదిగా "ఆమేన్" అంది.

ఆ మచ్చలు ఇంకా ముదరకుండా ఆపవచ్చని డాక్టరమ్మ చెప్పిందట. ఆ రెండు పళ్లు నిలుస్తాయో లేదో ఇప్పుడే చెప్పలేనందట. నిలవకపోతే ఆ బాధలో నా వంతు నాది. ఇక్కడికి వచ్చాక రోజూ పొద్దున ఆ తొడుగుల్లో మందు నేనే వేసి ఇస్తాను. ఆ పది నిమిషాలు మీరు మాట్లాడలేరు కాబట్టి ఇంట్లో నా మాటే చెల్లుతుంది. ఇక ఏ పన్ను నొప్పి చేసినా ముందు డాక్టరమ్మకు ఫోను. ఇది మాత్రం సంఘంలో చెప్పను, మీకే చెబుతున్నాను.

నన్ను కాపాడటానికి ఇక ఎవరితోనూ అబద్ధమాడకండి. ఆ బజారు ఆయన ముందు రాలేదన్న అబద్ధం డాక్టరమ్మ ముందు ఎలా వచ్చిందండీ?

సీసా పక్కనే ఉంటుంది కదా. ఈ కాగితం మడిచే ముందు మూత తీసి ఒక గుక్క తాగండి.

మీ
కృపావతి