స్విచ్చి తీసిన చెయ్యి

శ్రీవారికి,

ఇక్కడ అత్తయ్య, చిట్టి, నేను బాగున్నాం. మీరూ బాగుండాలి. కంప్యూటర్ కూడా బాగుంది. ఈ ఆఖరి మాట చదివి మీరు సంతోషిస్తారో, ఉలిక్కిపడతారో నాకు తెలియదు.

మీ ఉత్తరం అందింది. అత్తయ్య మోకాళ్ళ నొప్పి తగ్గింది. కొత్త కళ్ళజోడు మాత్రం పెట్టుకోనని మొండికేస్తున్నారు. చిట్టికి లెక్కల్లో మార్కులు బాగానే వచ్చాయి. మీ ఫైళ్ళు ఒక్కటీ పోలేదు. "నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోకు" అని రాశారు. ముట్టుకున్నాను.

మీరు ప్రయాణమైన రోజు కంప్యూటర్‌లో అప్‌డేట్ నొక్కి, కాలేజీలో పాఠం చెప్పడానికి వెళ్ళింది నేనే. సాయంత్రం వచ్చి స్విచ్చి వేస్తే నల్లటి తెర, దాని మీద గుండ్రంగా తిరిగే చుక్కలు. ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే. ఫోన్‌లో మీకు చెబితే, "ఏం నొక్కావ్? కనిపించిందల్లా నొక్కొద్దని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నారు. పక్కనే ఉన్న చిట్టి విన్నది. అప్పటినుంచి టీవీ రిమోట్ నా చేతికొచ్చినా, "అమ్మా, నువ్వొద్దులే, ఇటివ్వు" అంటోంది.

ఆదివారం ధైర్యం చేసి కూర్చున్నాను. కాలేజీలో ల్యాబ్ ఆవిడ చెప్పినట్టు, మొదలవుతుండగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాను. అలా మూడోసారికి రిపేరు మెనూ వచ్చింది. సగంలో ఆగిపోయిన ఆ అప్‌డేట్‌ని తీసేయమన్నాను. అది ఆలోచించుకుంటున్నంతసేపూ కుర్చీలోంచి లేవలేదు. చివరికి చిట్టి పసిపిల్లప్పటి ఫోటో తెర మీదికొచ్చింది.

"చూశారా అత్తయ్యా, నేనే పాడుచేశాను, నేనే బాగుచేశాను" అన్నాను.

బఠానీలు ఒలుస్తున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"నువ్వేం పాడుచేయలేదు తల్లీ. ఊరెళ్ళే హడావిడిలో స్విచ్చి తీసేసింది వాడే. 'ఏదో తిరుగుతోందిరా, ఉండనీ' అని అన్నాను కూడా. 'అది ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుందిలే అమ్మా' అని టక్కున నొక్కేశాడు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు ఫోన్ చేశాక, నాకు చేసి చెప్పొద్దన్నాడు. 'దానికి తెలిస్తే ఏడాదిపాటు దెప్పుతుందమ్మా' అన్నాడు. కొడుకు కదా అని ఊరుకున్నాను. నువ్వింత నలిగిపోతావనుకోలేదు."

నేను దెప్పేదాన్నే. ఓ వారం దెప్పి, నవ్వుకుని మరిచిపోయేదాన్ని.

అయినా నాకు వెంటనే కోపం రాలేదు. స్విచ్చి తీస్తే పాడవుతుందని మీకు తెలియదేమో, లేక ఆ తొందరలో తీసిన సంగతే గుర్తులేదేమో అని మీ తరఫున నేనే వాదించుకున్నాను. కానీ చెప్పొద్దన్నారు కదా. తెలియనివాళ్ళు దాచమని చెప్పరు.

కాలేజీలో నాకిస్తామన్న ఆన్‌లైన్ క్లాసుల బాధ్యత సంగతి ఏమైందని అడిగారు. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నని దాటేస్తూ వచ్చాను. వద్దని చెప్పేశానండీ. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌నే కాపాడుకోలేనిదాన్ని, కాలేజీ మొత్తానివి ఏం చూస్తాననిపించింది. ప్రిన్సిపాల్‌గారు మరోసారి ఆలోచించుకోమని, చివరికి వేరొకరికి ఇచ్చేశారు. నిన్న సిగ్గు విడిచి వెళ్ళి అడిగాను. "ఆలస్యమైపోయిందమ్మా" అన్నారు. ఆ పని కోసం నేనెంత ఎదురుచూశానో మీకు తెలుసు. "నీకు ధైర్యముంటేనే ఒప్పుకో" అని రాశారు మీరు. ఆ వాక్యం రాసేటప్పుడైనా మీ కలం ఆగలేదా?

ఇదంతా ఫోన్‌లోనే అనొచ్చు. అంటే మీరు నవ్వేస్తారు. మీ నవ్వు వింటే నేనూ నవ్వేస్తాను. అందుకే రాస్తున్నాను.

చిట్టికి నేను చెప్పలేదు. అత్తయ్య చెబుతానంటే ఆపాను. మీరొచ్చాక మీ నోటితోనే చెప్పండి. నేను గదిలో లేనప్పుడు చెప్పినా సరే. చెప్పకపోతే గొడవేమీ చేయను. కానీ ఆ రోజు నుంచి మీరు ఏ మాట చెప్పినా, ముందు అత్తయ్యని అడిగి అప్పుడు నమ్ముతాను.

వేళకు తినండి.

ఇట్లు,
చిట్టి వాళ్ళమ్మ