వెనక్కి తిరిగిన హ్యాండిల్

బావా,

ఈ ఉత్తరం అక్కకి చదివి వినిపించకు. ముందు నువ్వొక్కడివే చదువు.

మీరిద్దరూ కొత్త రేవులో షాపు పెట్టుకుని, గాలాల రీళ్ళు బాగుచేసే ఈ పాత షాపు నా చేతిలో పెట్టి ఏడాదైంది. పది రోజులుగా నేను షట్టర్ ఎత్తలేదు. ఫోనులో జలుబన్నాను చూడు, అది అబద్ధం.

ఎప్పుడూ మన దగ్గరే రీలు బాగుచేయించుకునే చేపల పడవ కెప్టెన్ లేడూ, ఆయన కుడి మణికట్టు విరిగింది. లోతులోకి బరువైన ఎర వదిలి కుదుపుతూ పైకి లాగుతుంటే పెద్ద చేప తగిలిందట. రీలు హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి చేతిని కొట్టిందట. ఇది ఆయన చెప్పలేదు, ఆ పడవ వంటాయన చెప్పాడు. హ్యాండిల్ వెనక్కి ఎందుకు తిరుగుతుందో నీకు నేను చెప్పాలా? దాన్ని ఆపే బేరింగులో ఒక్క చుక్క పల్చటి నూనె తప్ప ఏదీ వెయ్యకూడదనీ, గ్రీజు పూస్తే పట్టు జారిపోతుందనీ మొదటి రోజే నా నెత్తిన మొట్టి మరీ చెప్పావు. నెలన్నర క్రితం ఆ రీలు సర్వీసు చేసింది నేనే.

ఆ రోజు ఉప్పు గడ్డకట్టిన రీళ్ళు ఆరు ఉన్నాయి. మధ్యలో అక్క ఫోను చేసింది. ఫోను మెడకింద ఇరికించుకుని, కబుర్లాడుతూనే కెప్టెన్ రీలు బిగించేశాను. అక్కనేం అనడం లేదు, నా ఒళ్ళు కొవ్వు. పనయ్యాక చూస్తే గ్రీజు బ్రష్షు తడిగా ఆ రీలు పక్కనే ఉంది, నూనె సీసాకి మూత పెట్టే ఉంది. మళ్ళీ విప్పి చూడాల్సింది. నా చేతిని నేనే నమ్మకపోతే ఎలా అని గొప్పలకు పోయి ఇచ్చేశాను.

మొన్న బజార్లో ఎదురుపడ్డాడు. కట్టు కట్టిన చెయ్యి వెనక్కి దాచుకుని, తలొంచుకుని అవతలి పక్కకి దాటిపోయాడు. నాలుగు తిట్లు తిట్టినా బావుండేది బావా. నా పేరు పోకుండా నోరు మూసుకున్నాడు, ఆ మంచితనమే నన్ను నిలువునా కోస్తోంది. అన్నం సహించడం లేదు. ఇంక నేను రీలు ముట్టను. తాళ్ళు అమ్మే కొట్లో పని అడిగాను, సోమవారం నుంచి రమ్మన్నారు. తాడులో తప్పుంటే పైకే కనిపిస్తుంది. షాపు తాళంచెవులు నీకు పంపేస్తాను.

నువ్వు సూరేకారం అని పిలిచే
నీ మరదలు

*

సూరేకారానికి,

ఉత్తరం మీ అక్క నా చేతిలోంచి లాక్కుని చదివేసింది. నా తప్పేం లేదు.

విప్పకుండా ఏ రీలు గురించీ మాట్లాడకూడదని నేను నీకు నేర్పలేదూ? ఈ రీలు విప్పావా? ఆయన్ని అడిగావా? రెండూ లేకుండా నీకు నువ్వే శిక్ష వేసుకుని తాళ్ళ కొట్టుకి బయల్దేరావు. వెళ్ళి అడుగు. తప్పు నీదే అయితే ఆ ఇంట్లో కూర్చుని ఒప్పుకో, ఆ చెయ్యి బాగయ్యేదాకా వాళ్ళకి అండగా ఉండు. షాపు సంగతి ఆ తర్వాత. తాళంచెవులు పంపితే వెనక్కి పంపిస్తాను.

బావ

*

బావా,

ఇది అక్కకి గట్టిగా చదివి వినిపించు.

కెప్టెన్ ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ తలుపు తీసింది. నన్ను చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. నిలబడే చెప్పేశాను, "మీ చెయ్యి విరిగింది నా వల్లే. బేరింగులో గ్రీజు పెట్టాను."

"నువ్వెందుకు పెడతావు? పెట్టింది నేను," అన్నాడు.

వాళ్ళావిడ పకపకా నవ్వింది. "ఇప్పుడు చెప్పండి, ఆ అమ్మాయికే చెప్పండి."

సర్వీసయ్యాక ఆ రీలుతో నాలుగుసార్లు వేటకి వెళ్ళాడట. పెద్ద పెద్ద చేపలు లాగాడు, హ్యాండిల్ ఇసుమంత కూడా వెనక్కి పోలేదు. తర్వాత లోపల ఏదో చిన్న చప్పుడు వినిపించిందట. ఈ మాత్రం దానికి షాపుకెందుకని ఇంట్లోనే విప్పి, పడవని ఒడ్డుకి లాగే బండి చక్రాలకు పూసే నల్లగ్రీజు దట్టించాడు. బిగించాక రెండు స్క్రూలు మిగిలాయట! నా ప్రాణం లేచొచ్చింది బావా. గ్రీజు నేనే పూసి ఉంటే మొదటి చేపకే జారేది కదా.

"మరి నాకు చెప్పొచ్చు కదా!" అని అరిచాను.

"నీ షాపులో బోర్డుంది కదమ్మా," అన్నాడు, స్కూల్లో దొరికిపోయిన పిల్లాడిలా. ఇంట్లో విప్పిన రీళ్ళు తీసుకోబడవు అని పెద్దక్షరాలతో రాసి పెట్టింది నేనే. "తిడితే పడతాను. ఇంకెప్పుడూ నా రీలు ముట్టనంటావేమోనని భయమేసింది." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడానికి మేమిద్దరం పోటీ పడ్డాం. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. నా నోటికి జడిసి, విరిగిన చెయ్యి పట్టుకుని అంత మనిషి వీధి దాటి పారిపోయాడు.

వాళ్ళ భోజనాల బల్ల మీదే రీలు విప్పాను. బేరింగు నిండా తారులా గ్రీజు. కడిగి, ఆరబెట్టి, చుక్క నూనె వేసి బిగించి హ్యాండిల్ వెనక్కి నొక్కాను. కదల్లేదు. అప్పుడు తిట్టాను బావా, పది రోజుల తిట్లూ ఒక్కసారే తిట్టాను. ఆయన హాయిగా వింటూ కూర్చున్నాడు. ఎముక చక్కగా అతుక్కుంటోందని డాక్టరు అన్నాడట. నాకు ఆ పూట ఆకలేసింది, వాళ్ళింట్లోనే కడుపునిండా తిన్నాను.

తాళ్ళ కొట్టు వాళ్ళకి రానని చెప్పేశాను. మర్నాడు పొద్దున్నే షట్టర్ ఎత్తి బోర్డు పీకేశాను. సాయంత్రానికల్లా ఐదుగురొచ్చారు, ఇంట్లో విప్పిన రీళ్ళు గుడ్డల్లో మూటకట్టుకుని. ఒకాయన తనది నాలుగేళ్ళుగా మంచం కింద దాచాడట. మూట బల్ల మీద పెట్టి, తిట్ల కోసం తల దించుకుని నిలబడ్డాడు. కుర్చీ చూపించి, "కూర్చోండి, చూద్దాం," అన్నాను.

నీ మరదలు