పండు ఎంచుకున్న మనిషి

ఆదివారం, రాత్రి

ఈ రోజు నాగాయలంక చర్చిలో ఆరాధన అయ్యాక మా ఆసుపత్రి తరఫున ఎముక మూలుగ దాతల నమోదు పెట్టాం. ఇప్పటికి బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి శాంపిల్ ఇస్తే చాలని ఎంత చెప్పినా, "మూలుగ తీస్తే నడుం పడిపోద్దంట" అంటూ జనం గుమ్మం వైపు జరిగారు.

అప్పుడు ఆ పని చేశాను. తొడ మీద రెండు వేళ్లతో తడితే, నేను చూస్తున్న మనిషి ఒళ్లో తల పెట్టడం రోగులకి తోడుండేలా శిక్షణ ఇచ్చిన నా కుక్క పండుకి నేర్పిన విద్య. ఆసుపత్రిలో ఏడ్చే పిల్లల కోసం నేర్పాను. ఇవాళ ఆఖరి వరసలో కూర్చున్న, రొయ్యలు ఒలిచి బతికే మేరమ్మగారి వైపు చూసి తట్టాను. పండు వెళ్లి ఆవిడ ఒళ్లో తల పెట్టింది.

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇంతమందిలో నోరులేని జీవం నా దగ్గరికే వచ్చిందంటే ప్రభువు పంపినట్టే కదండీ. రాసుకోండి నా పేరు."

పాస్టరుగారు "స్తోత్రం" అన్నారు. ఆవిడ వెనకే ఇంకా చాలామంది కదిలారు. నేను నిజం చెప్పలేదు. పైగా "పండుకి మనుషులు తెలుస్తారండీ" అన్నాను. ఛీ.

రక్త కేన్సర్‌తో ఉన్న గుడివాడ పాపకి దాత దొరకాలి, నిజమే. కానీ రేపు మేరమ్మగారి మూలుగే సరిపోతే? దేవుడు పిలిచాడనుకునే ఆసుపత్రి మంచం ఎక్కుతుంది. పిలిచింది నా రెండు వేళ్లు. ఫోన్ చేసి చెప్పేద్దామని నంబరు తీశాను. చెబితే మానేస్తుందేమో. అప్పుడు పాప...

ఇది రాస్తుంటే పండు లేచి వచ్చి నా ఒళ్లో తల పెట్టింది. నేనే తట్టానేమోనని నా చెయ్యి చూసుకున్నాను.