మూడు సాకెట్లు, ఒక పళ్ల బ్రష్

ఫిబ్రవరి 1, ఆదివారం
చర్చి నుంచి రాగానే నిర్ణయం. పాత కంప్యూటర్లలో ప్రాసెసర్ కూర్చునే సాకెట్లు రకరకాలు. ఆటలకు ఏది మేలో వారంలో తేల్చాలి. అంకెలే సాక్ష్యం. అభిప్రాయాలు నిషేధం.
హాజరైనవి: 775 రకం, క్రోసూరు మిర్చి కొట్టులో పదేళ్లు పనిచేసి వచ్చింది. ఏఎం3+ రకం, రిపేరు షాపు ఫయాజ్ వాడుకోమని ఇచ్చాడు. మూడోది 1155. ఇంట్లోనే ఉంది కానీ నా భార్య ఎలిజబెత్‌ది. తొమ్మిదో తేదీకి బడిలో ఇవ్వాల్సిన ప్రశ్నపత్రాలు అందులోనే ఉన్నాయి.
"ఆ రెండిటినీ ఏమన్నా చేసుకోండి. నాదాని మూత తీస్తే మాత్రం ఊరుకోను."
ఒప్పుకున్నాను. మూడోది ముట్టను.

2, సోమవారం
సా. 6.40. ఒకే కార్ల రేసు, ఒకే వీధి, ఒకే గ్రాఫిక్స్ కార్డు. 775లో ఫ్యాన్ తిరగగానే గదినిండా మిరప ఘాటు. తుమ్ములు: పదకొండు. సెకనుకు ఫ్రేములు (ఎన్ని ఎక్కువైతే ఆట అంత సాఫీ): 31. ఆరంభం అదిరింది!

3, మంగళవారం
ఫయాజ్ వచ్చి ఏఎం3+ విప్పి చూపించాడు.
"అన్నా, దీంట్లో ప్రాసెసర్‌కే పిన్నుల కాళ్లుంటయ్. దుమ్ముంటే పళ్ల బ్రష్‌తో మెల్లగా దులుపు, ఏం గాదు. ఆ రెండిట్లో అయితే..."
ఇంకా ఏదో చెప్పాడు. నేను అంకె రాసుకుంటున్నాను. ఫ్రేములు: 46.

5, గురువారం
రెండు అంకెలు చూసి మూడోదాని మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. గ్రాఫిక్స్ కార్డు పెట్టాలంటే మూత తీయాలి. తీయడం వేరు, ముట్టడం వేరు.
ఎలిజబెత్ బడి నుంచి వచ్చేలోపు తీశాను, ఆడాను, మూశాను. ఫ్రేములు: 58!

6, శుక్రవారం
58ని నమ్మవచ్చా? మిగతా రెండింటిలో ప్రాసెసర్ మీద వేడిని లాగే కొత్త పేస్టు పూశాను. దీనికి పూయలేదు. షరతులు సమానంగా ఉండాలి.
సా. 4.50. 1155 ప్రాసెసర్ బయటికి తీశాను. పక్కనే 775 నడుస్తోంది.
4.52. తుమ్ము. తెరిచిన సాకెట్‌లోకి.
4.54. పళ్ల బ్రష్.
4.55. ఇందులో ప్రాసెసర్‌కు కాళ్లు లేవు. బోర్డు మీదే ఉన్నాయి, వెయ్యికి పైగా, వెంట్రుకలంత సన్నం. నిమిషం కిందటి దాకా నిలబడి ఉన్నాయి. ఇప్పుడు ఒక వరుస పడుకుంది.
5.20. స్విచ్ వేశాను. తెర నలుపు. ఫ్రేములు: 0.

7, శనివారం
వోల్టేజీ ఎక్కువై కాలిపోయి ఉంటుందని చెప్పాను. ఎలిజబెత్ బల్ల మీది బ్రష్ చేతికి తీసుకుంది.
"వోల్టేజీకి పళ్లు తోమారా?"
మూత స్క్రూలు లెక్కపెట్టాను. నాలుగు.
"ఎల్లుండి హెడ్మాస్టర్‌కి ఏం చూపియ్యాలి? మీ ఫ్రేములా?"
ఫయాజ్ భూతద్దం, సూది పట్టుకొచ్చాడు. "మంగళారం చెప్పాగదన్నా! ఆ రెండిటికీ కాళ్లు బోర్డు మీదుంటయ్, బ్రష్ పెట్టొద్దని. నువ్వు యాడ ఇన్నావు?"
మంగళవారం పేజీ తిరగేశాను. 46 ఒక్కటే రాసి ఉంది.

8, ఆదివారం
హార్డ్ డిస్కు తీసి ఫయాజ్ 775కి తగిలించాడు. ప్రశ్నపత్రాలు భద్రం. మిగిలిన రెండు పత్రాలను ఎలిజబెత్ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దాని మీదే టైపు చేసింది. కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు.
"ఇక ఇది నాది. మీరు మూత తీస్తే వంటింట్లోకి తుమ్ము వినపడుద్ది."

9, సోమవారం
పత్రాలు బడికి చేరాయి. 1155 బోర్డు ఫయాజ్ దగ్గర ఉంది, వారం పడుతుందట.
కొత్త నిర్ణయం, మొదటి రోజు. అంకెలే సాక్ష్యం. 775 ఎలిజబెత్‌ది. ముట్టను.
ఒక్క సందేహం: ఆ 31 మిరప దుమ్ముతో వచ్చిన అంకె. దుమ్ము దులిపితే ఎంతో తేలలేదు.
సా. 4.10. మందుల షాపు. మాస్కు: ఒకటి.