సిలికాన్ రొమ్ముకు స్నానం

సిరిసిల్ల,
మంగళవారం

బాపూ,

నీమీద ఎంత మంట ఉన్నా ముందు దండం పెట్టే మొదలుపెడుతున్నాను. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ... ఆఁ..." అని అమ్మ చేతికి ఇచ్చేస్తావు. రాస్తే చివరిదాకా చదవక తప్పదు కదా.

వసంతత్త అంతా చెప్పింది. దసరా దాటినప్పటి నుంచి అరుగు మీద మంచం వేసుకుని పడుకుంటున్నావట. ఇంత చలిలో! అమ్మకు రొమ్ము తీసేసి ఏడాది కాలేదు. క్యాన్సర్ ఆమె కోరి తెచ్చుకున్నదా? ఆమె పక్కన పడుకోవడానికి నీకు రోత అయిందా? నీ మగ్గం ఆగిపోయిన రోజుల్లో బీడీలు చుట్టి ఇల్లు నడిపిన మనిషి బాపూ ఆమె.

ఆదివారం కోరుట్ల వస్తున్నా. అమ్మను నా దగ్గరికి తీసుకొచ్చేస్తా. మా కుట్టుమిషన్ల షెడ్డు పక్కనే నా గది, ఇద్దరికి సరిపోతుంది. అడ్డం చెప్పకు.

అప్పటిదాకా ఒక్క పని చేయి. జగిత్యాల ఆసుపత్రిలో రవిక లోపల పెట్టుకోమని ఇచ్చిన ఆ సిలికాన్ రొమ్మును అమ్మ బట్టల సబ్బుతో రుద్ది ఎండలో పెడుతుందేమోనని నా భయం. అడిగితే సిగ్గుపడి మాట మారుస్తుంది. వీడియోలు చూసి నేనే నేర్చుకున్నాను, విను. గోరువెచ్చని నీళ్లు, పిల్లల సబ్బు, అరచేత్తో మెల్లగా. పిండకూడదు. మెత్తటి బట్టతో అద్ది, నీడలో ఆరనిచ్చి, దాని డబ్బాలోనే పెట్టాలి. పైట పిన్నీసు గుచ్చుకుంటే లోపలున్నది కారిపోతుంది. అమ్మను ముట్టడం నీకు కష్టమైతే, కనీసం ఇదన్నా చదివి వినిపించు.

నీ బిడ్డ,
శ్రీలత


సిరిసిల్ల,
గురువారం

బాపూ,

ఏమన్నా వండుకుని తింటున్నావా? మొన్న ఆదివారం నేను వస్తున్నానని పొద్దున్నే వేములవాడ బస్సెక్కావు. నా నోటికి భయపడి దేవుడి దగ్గర దాక్కున్నావు. ఇంట్లో ఉండి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

గూట్లో డబ్బా తీసి చూశాను. మరక లేదు, దుమ్ము లేదు. "మస్తు మంచిగ చూసుకుంటున్నవే అమ్మా" అన్నాను. అమ్మ బీడీ దారం తెంపి నవ్వింది.

"నేనెక్కడే! మీ బాపే. నువ్వు చెప్పకముందుకెళ్లే గదే పని. పొద్దుగూకంగనే పీట ఏసుకొని కూసుంటడు. పసిపిల్లకు తానం పోసినట్టు పోస్తడు. ఆరిందా, ఆరిందా అని నా పానం తీస్తడు."

నీకు రాసిన మాటలు గుర్తొచ్చి తల దించుకున్నాను. "మరి అరుగు మీద ఎందుకు పంటుండు?"

"నేనే పొమ్మన్న."

"ఎందుకే?"

చాట పక్కకు జరిపింది. "గా బొమ్మను రెండు చేతులల్ల పట్టుకుంటడు బిడ్డా. నా దిక్కు చెయ్యి రాదు. ఓనాడు నేనే రవిక ఇప్పి, ఇగో, జర సూడు అన్న. 'సబ్బు అయిపోయినట్టుంది' అనుకుంట బయటికి పోయిండు. గప్పుడన్న, గా సబ్బుతోనే పండుకో పో అని."

నాకు నవ్వొచ్చింది బాపూ. ఆమె నవ్వలేదు.

నీది రోత కాదు, భయం. అది అర్థమైంది. కానీ నీ చేతులకు అంత నెమ్మది తెలుసునని తెలిశాక నా కోపం తగ్గలేదు, పెరిగింది.

డబ్బా గూట్లోనే వదిలేసి అమ్మ నాతో వచ్చేసింది. నువ్వు చూసే ఉంటావు. బస్సులో పైట నిండుగా కప్పుకుని కూర్చుంది. ఇక్కడికొచ్చాక ఎవరో చూస్తారన్న ధ్యాసే లేదు. షెడ్డులో ఒకామె "ఇంకోటి ఏదక్కా?" అని అడిగింది. "మొగనికిచ్చి అచ్చిన" అంది అమ్మ. మిషన్లు ఆపి మరీ నవ్వారు అందరూ.

చలికి కోసిన చోట గుంజుతోందట. చంక కిందికి ఆమె చెయ్యి అందదు. కొబ్బరినూనె రాస్తానంటే నా చెయ్యి తోసేసింది. "నీకెందుకే? గాయన రాస్తే రాస్తడు, లేకుంటె లేదు."

ఈ వచ్చే ఆదివారం పొద్దంతా నాకు పనుంది. గదిలో అమ్మ ఒక్కతే ఉంటుంది. రా. ఆ డబ్బా మాత్రం తేకు. ఉత్త చేతులతో రా.

ఇంకా కోపంగానే ఉన్న నీ బిడ్డ,
శ్రీలత